ఎయిర్ సస్పెన్షన్ కారుకు ట్రైలర్ కట్టే పద్ధతి: తూకం వేయడం నుంచి విప్పడం దాకా

ఎడ్లబండికి ధాన్యం బస్తాలు ఎక్కించేటప్పుడు ఇరుసుకు ముందు ఎన్ని, వెనక ఎన్ని అని లెక్క చూసి సర్దేవారు. బరువు ముందుకు ఎక్కువైతే ఎడ్ల మెడలు వంగిపోతాయి. వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేచి, మెడకు కట్టిన తాళ్లు ఎడ్ల గొంతును బిగిస్తాయి. కంకర ఎక్కువైన ట్రక్కును లాగుతూ మిట్ట ఎక్కే ట్రాక్టరు ముందు చక్రాలు నేలను వదలడం కూడా మనలో చాలామంది చూసినదే. అమెరికాలో స్థిరపడి, వేసవి సెలవులకు క్యాంపర్ ట్రైలర్ (పడుకోవడానికి, వండుకోవడానికి వసతి ఉన్న లాగుడు బండి) కట్టుకుని డల్లాస్ నుంచి కొలరాడో కొండలకు బయలుదేరే తెలుగు కుటుంబాలు వేసుకోవలసిన లెక్క కూడా ఇదే. ఒక్కటే తేడా. ఎడ్లబండి తప్పును అక్కడికక్కడే బయటపెడుతుంది, ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారు ఆ తప్పును కంటికి కనబడనీయదు.

ఎలాగంటే, మామూలు ఉక్కు స్ప్రింగులున్న కారుకు బరువైన ట్రైలర్ తగిలించగానే వెనక భాగం కుంగి, ముందు భాగం లేచి, హెడ్‌లైట్లు చెట్ల కొమ్మల మీదికి వెలుగు చిమ్ముతాయి. అది చూసి ఎవరైనా ఆగి ఆలోచిస్తారు. ఎయిర్ సస్పెన్షన్‌లో ఉక్కు స్ప్రింగుల స్థానంలో గాలితో నిండిన రబ్బరు సంచులు ఉంటాయి; చక్రాల దగ్గరి సెన్సర్లు కారు ఎత్తును గమనిస్తూ, వెనక భాగం కుంగిందని తెలియగానే కంప్రెసర్ చేత ఆ సంచుల్లోకి మరింత గాలి కొట్టిస్తాయి, దాంతో అర నిమిషంలోనో నిమిషంలోనో కారు మళ్లీ సమంగా నిలబడుతుంది. సమంగా నిలబడింది కదా అని బరువు కూడా సమంగా పడుతోందనుకుంటే పొరపాటు. ట్రైలర్ ముక్కు కారు మీద మోపే బరువు వెనక ఇరుసుకు ఇంకా వెనకగా పడుతుంది కనుక, తూగుడు బల్ల మీద ఒక చివర కూర్చున్నట్లుగా అది ముందు చక్రాల మీది బరువును కొంత ఎత్తేస్తుంది. వెనక సంచుల్లో గాలి ఎంత నింపినా ముందు చక్రాలు పోగొట్టుకున్న బరువు తిరిగి రాదు. స్టీరింగ్ తిప్పేదీ, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ పని చేసేదీ ఆ ముందు చక్రాలే. అందువల్ల ఈ వ్యాసంలో చెప్పే ప్రతి మెట్టులోనూ కంటి అంచనాను పక్కనపెట్టి టేపునూ తూకాన్నీ నమ్ముతాము.

రామ్ 1500, జీప్ గ్రాండ్ చెరోకీ, మెర్సిడెస్ జీఎల్‌ఎస్, ఆడీ క్యూ7, బీఎండబ్ల్యూ ఎక్స్7, ల్యాండ్ రోవర్ డిస్కవరీ వంటి వాహనాల్లో కొన్నింటికి ఎయిర్ సస్పెన్షన్ మామూలుగానే వస్తుంది, కొన్నింటికి అదనపు సొమ్ము కట్టి తీసుకోవాలి. బటన్ల పేర్లు, ఎత్తుల పేర్లు ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా ఉంటాయి. ఇక్కడ చెప్పినదానికీ మీ కారు మాన్యువల్‌లోని ట్రైలర్ అధ్యాయానికీ తేడా కనిపిస్తే మాన్యువల్ మాటే చెల్లుతుంది.

మొదటి మెట్టు: తలుపు అంచున ఉన్న పసుపు స్టిక్కర్

కారు ఎన్ని పౌండ్లు లాగగలదో ప్రకటనలో పెద్ద అక్షరాలతో రాస్తారు. మీకు ముందుగా కావలసింది ఆ అంకె కాదు. డ్రైవర్ తలుపు తెరిచి, చట్రం మీద టైర్ల గాలి వివరాలున్న స్టిక్కర్‌ను చదవండి. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు మించరాదని అందులో ఉంటుంది. ట్రైలర్ ముక్కు కారు మీద మోపే బరువు, అంటే టంగ్ వెయిట్, ఆ సామాను లెక్కలోకే వస్తుంది. చాలామంది మరిచిపోయేది ఇదే.

ఒక లెక్క వేసి చూద్దాం. స్టిక్కర్ మీద 1,350 పౌండ్లు అని ఉందనుకోండి. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు కలిపి 560. హిచ్ సరంజామా (ట్రైలర్‌ను కారుకు కలిపే ఇనుప సామగ్రి) 80. డిక్కీలో ఐస్ పెట్టె, మడత కుర్చీలు, 20 పౌండ్ల సోనా మసూరి సంచి, కుక్కరు వగైరా 110. మొత్తం 750 అయింది, ఇక మిగిలింది 600 పౌండ్లు. అమెరికాలో ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం దాకా టంగ్ వెయిట్‌గా ఉండాలన్నది నియమం కనుక, 12 శాతం చొప్పున చూస్తే ఈ కుటుంబం కట్టదగిన ట్రైలర్ సామానుతో కలిపి 5,000 పౌండ్లు మాత్రమే. కారు 7,200 పౌండ్లు లాగుతుందని ప్రకటనలో ఉన్నా సరే. ఎయిర్ సస్పెన్షన్ ఉండటం వల్ల ఈ పరిమితి ఒక్క పౌండు కూడా పెరగదు. కారు కుంగకపోవడాన్ని చూసి ఇంకా మోస్తుందని అనుకోవడమే ఈ కార్లతో వచ్చే చిక్కు.

రెండో మెట్టు: టంగ్ వెయిట్‌ను స్వయంగా తూచండి

ట్రైలర్ అమ్మేవారి కాగితంలో ఉండే బరువు ఖాళీ ట్రైలర్‌ది. అందులో తరచుగా బ్యాటరీ, నిండు గ్యాస్ సిలిండర్లు లెక్కలో ఉండవు. ఈ రెండూ కూర్చునేది సరిగ్గా ట్రైలర్ ముక్కు మీదే. నీళ్ల ట్యాంకు సంగతి మరీ ముఖ్యం. గ్యాలన్ నీరు 8.3 పౌండ్లు తూగుతుంది కనుక 40 గ్యాలన్ల ట్యాంకు నిండితే సుమారు 330 పౌండ్లు చేరుతాయి. ఆ ట్యాంకు ఇరుసుకు ముందుంటే టంగ్ వెయిట్ పెరుగుతుంది, వెనకుంటే తగ్గుతుంది. టంగ్ వెయిట్ 10 శాతం కన్నా తగ్గిన ట్రైలర్ వేగం పెరిగేకొద్దీ తోక ఊపడం మొదలుపెడుతుంది, ఒకసారి మొదలైతే అది దానంతట అది పెరుగుతూ పోతుంది.

తూచడానికి ఇందుకోసమే చేసిన చిన్న తూనికలు దొరుకుతాయి. అవి లేకపోతే ఇంట్లో మనుషులు ఎక్కే తూనికతోనే పని జరుపుకోవచ్చు. ట్రైలర్‌ను సమతలంగా నిలిపి, చక్రాలకు దిమ్మెలు అడ్డుపెట్టి, ముక్కు దగ్గర బలమైన దూలం ఒకటి పరవండి. దూలం ఒక చివర ఇటుక మీద, రెండో చివర తూనిక మీద ఆనాలి. ఇటుక నుంచి 1 అడుగు దూరంలో ట్రైలర్ జాక్ (ముక్కును ఎత్తి దించే మర కాలు) దూలం మీద దిగాలి, ఇటుక నుంచి తూనిక 3 అడుగుల దూరంలో ఉండాలి. దూలం బరువును ముందే తీసివేసి, తూనిక చూపే అంకెను 3తో హెచ్చవేస్తే టంగ్ వెయిట్ వస్తుంది. 200 చూపితే 600 అన్నమాట. ప్రయాణానికి ఎలా బయలుదేరతారో సరిగ్గా అలాగే సామాను, నీళ్లు నింపి తూస్తేనే దీనికి అర్థం ఉంటుంది.

మూడో మెట్టు: కారు ఏ ఎత్తులో ఉండగా బాల్ ఎత్తు కొలవాలి?

కారు వెనక బిగించే ఇనుప గుండు పేరు బాల్, దాన్ని మోసే ఉక్కు కమ్మి బాల్ మౌంట్, ఆ గుండు మీద కూర్చునే ట్రైలర్ ముక్కు కొస కప్లర్. ఎయిర్ సస్పెన్షన్ కారుకు ఒకటే ఎత్తు ఉండదు. ఎక్కడానికి దిగడానికి ఒక ఎత్తు, మామూలుగా నడపడానికి ఒకటి, హైవే వేగంలో గాలి ఒరిపిడి తగ్గించుకోవడానికి మరొకటి, రాళ్ల దారికి ఇంకొకటి ఉంటాయి. ఆఫీసు నుంచి వచ్చి ఇంజన్ ఆపగానే కారు దిగుడు ఎత్తుకు కుంగి ఉంటే, ఆ స్థితిలో టేపు పట్టి కొలిచి బాల్ మౌంట్ కొన్నవారు, తీరా రోడ్డెక్కాక ట్రైలర్ ముక్కు ఆకాశం వైపు చూస్తూ రావడం గమనిస్తారు. ముక్కు లేచిన ట్రైలర్‌కు రెండు ఇరుసులుంటే బరువు వెనక ఇరుసు మీదికి జారి, ఊగడం సులువవుతుంది.

కాబట్టి ఇంజన్ నడుస్తుండగా, తలుపులన్నీ మూసి, కారును మామూలు ప్రయాణపు ఎత్తులో ఉంచి, ఒక నిమిషం ఆగాకే బాల్ మౌంట్ దూర్చే గొట్టం నేల నుంచి ఎంత ఎత్తుందో కొలవండి. ట్రైలర్‌ను విడిగా సమతలంగా నిలిపి నేల నుంచి కప్లర్ ఎత్తు తీసుకోండి. రెండింటినీ బట్టి బాల్ మౌంట్ ఎంత దిగువకు ఉండాలో తెలుస్తుంది. సరిగ్గా కుదరకపోతే ట్రైలర్ ముక్కు ఒక అంగుళం కిందికి ఉన్నా ఫరవాలేదు, పైకి మాత్రం ఉండకూడదు. బాల్ పరిమాణం కప్లర్ మీద ముద్రించి ఉంటుంది. 2 అంగుళాల బాల్‌కూ 2 5/16 అంగుళాల బాల్‌కూ చూపులో పెద్ద తేడా ఉండదు గానీ, చిన్న బాల్ మీద పెద్ద కప్లర్ కూర్చున్నట్లే కూర్చుని దారిలో ఊడి వస్తుంది.

నాలుగో మెట్టు: ముందు చక్రాలకు బరువు తిరిగి ఇవ్వడం

పైన చెప్పిన 600 పౌండ్ల టంగ్ వెయిట్‌నే తీసుకుందాం. బాల్ వెనక ఇరుసుకు 4 అడుగుల దూరంలో ఉండి, కారు రెండు ఇరుసుల మధ్య 10 అడుగులుంటే, ముందు ఇరుసు 600ను 4తో హెచ్చించి 10తో భాగించినంత, అంటే 240 పౌండ్లు పోగొట్టుకుంటుంది. వెనక ఇరుసు మీద 600 కాదు, 840 పౌండ్లు చేరుతాయి. ఈ నష్టాన్ని పూడ్చేదే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్. అందులోని రెండు ఉక్కు కడ్డీలు ట్రైలర్ చట్రానికీ హిచ్ తలకూ మధ్య బిగువుగా వంగి నిలబడి, వెనక ఇరుసు మీది బరువులో కొంత ముందు ఇరుసుకూ కొంత ట్రైలర్ ఇరుసుకూ నెట్టుతాయి.

ఇది మీ కారుకు తగునా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. కొన్ని కంపెనీలు ఒక బరువు దాటితే ఇది తప్పనిసరి అంటాయి, కొన్ని తమ కారు చట్రానికి దీన్ని వాడవద్దని స్పష్టంగా రాస్తాయి. వద్దన్న చోట వాడకండి. అలాంటి కారుకు తేలిక ట్రైలర్ కట్టుకోవడం ఒక్కటే దారి.

వాడవచ్చన్న చోట ఒక మెలిక ఉంది. సస్పెన్షన్ పని చేస్తుండగా కడ్డీలు బిగిస్తే, మీరు బిగించిన ప్రతిసారీ కారు తన ఎత్తును తానే దిద్దుకుంటుంది. గాలి నిండి వెనక భాగం లేచినకొద్దీ కడ్డీల బిగువు సడలుతుంది. మోయవలసిన పని కడ్డీల చేతి నుంచి గాలి సంచుల చేతికి పోతుంది. అందువల్ల సాధారణంగా అనుసరించే వరుస ఇది: ట్రైలర్ లేకుండా కారును మామూలు ఎత్తులో నిలిపి, ముందు చక్రం నడిమికి ఎదురుగా ఫెండర్ (చక్రం పైని రేకు) అంచు నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచి రాసుకోండి. తర్వాత ఎత్తు సర్దుబాటును ఆపివేసే జాక్ మోడ్‌నో, మీ మాన్యువల్ చెప్పిన మరో మోడ్‌నో పెట్టండి. ట్రైలర్ తగిలించి కడ్డీలు లేకుండా మళ్లీ కొలవండి. ముందు భాగం అంగుళం లేచిందనుకుంటే, కడ్డీలు బిగిస్తూ మాన్యువల్ చెప్పినంత వరకు దాన్ని దించండి. లేచినదాంట్లో సగం దించమనేవి చాలా ఉన్నాయి. అప్పుడు మాత్రమే సర్దుబాటును తిరిగి పనిలో పెట్టండి. మరింత బిగిస్తే మరింత మంచిదనుకోకండి. ముందు ఇరుసుకు అతిగా బరువు నెడితే వెనక టైర్ల పట్టు తగ్గి, తడి రోడ్డు మీద మలుపులో వెనక భాగం జారుతుంది.

ఐదో మెట్టు: తగిలించే వరుస

కారును వెనక్కి తెచ్చి బాల్‌ను కప్లర్ కిందికి చేర్చే ముందే తలుపు తీయగానే కుంగే ఏర్పాటును సెట్టింగ్స్‌లో ఆపివేయండి. ఈ ఒక్క పాఠం నేర్చుకోవడానికి నాకు రెండు గంటల ప్రయాణమూ ఒక జాకూ ఖర్చయ్యాయి. మొదటి ప్రయాణంలో కప్లర్ బాల్ మీద కూర్చుంది, గొళ్లెం పడింది, జాక్ కాలు ఇంకా నేల మీదే ఉంది. నేను గొలుసులు తగిలిస్తూ వంగి ఉండగా పిల్లలు నీళ్ల సీసా కోసం వెనక తలుపు తీశారు. కారు మెల్లగా నిట్టూర్చినట్లు చప్పుడు చేసి దిగడం మొదలుపెట్టింది. గొళ్లెం పడి ఉన్నందువల్ల ట్రైలర్ ముక్కును కూడా తనతో కిందికి లాగింది, కారు వెనక భాగపు బరువంతా సన్నటి జాక్ కాలు మీద పడి అది వంగిపోయింది. ఆ క్షణంలో నా చెయ్యి కప్లర్ కింద లేకపోవడం నా తెలివి ఏమీ కాదు.

కాబట్టి ముందు ట్రైలర్ చక్రాలకు దిమ్మెలు పెట్టండి, కారులో ఎవరినీ ఉంచకండి, కారు పార్క్‌లో ఉండి హ్యాండ్ బ్రేకు పడి ఉండాలి. జాక్‌తో ముక్కును దించి కప్లర్‌ను బాల్ మీద కూర్చోబెట్టి, గొళ్లెం వేసి, పిన్ను గుచ్చండి. పట్టిందో లేదో తెలుసుకోవడానికి జాక్‌తో ముక్కును మళ్లీ రెండు అంగుళాలు పైకెత్తండి. కారు వెనక భాగం కూడా లేస్తే పట్టినట్లు. ఆపై రెండు గొలుసులనూ కప్లర్ కింద కత్తెర ఆకారంలో దాటించి తగిలిస్తే, ఒకవేళ కప్లర్ ఊడినా ముక్కు రోడ్డును తాకకుండా ఆ ఊయలలో పడుతుంది. ట్రైలర్ తెగిపోతే దాని బ్రేకులను తనంతట తాను వేసే సన్నటి తీగను గొలుసులకు కాకుండా కారు చట్రానికి విడిగా తగిలించండి. ట్రైలర్ దీపాలకూ బ్రేకులకూ కరెంటు అందించే 7 పిన్నుల ప్లగ్గు పెట్టి, జాక్‌ను పూర్తిగా పైకి ముడిచి, అప్పుడు దిమ్మెలు తీయండి. చాలా కార్లు ఆ ప్లగ్గు ద్వారానే ట్రైలర్ ఉందని గ్రహించి, ఎత్తు మార్పులను తగ్గించుకుంటాయి. మీ కారు అలా చేయకపోతే ట్రైలర్ మోడ్‌ను మీరే నొక్కి, హైవే మీద కుంగే ఏర్పాటును కూడా ఆపండి.

ఆరో మెట్టు: ట్రక్ స్టాప్ తూకం

ఇంటి దగ్గర చేసిన కొలతలన్నీ అంచనాలే. హైవేల పక్కన లారీలు ఆగే ట్రక్ స్టాపులలో క్యాట్ స్కేల్ అనే పసుపు నలుపు బోర్డు కనిపిస్తుంది. కొద్దిపాటి రుసుముకు అక్కడ మీ వాహనాన్ని ఇరుసులవారీగా తూస్తారు. కారు ముందు చక్రాలు మొదటి బల్ల మీద, వెనక చక్రాలు రెండోదాని మీద, ట్రైలర్ చక్రాలు మూడోదాని మీద వచ్చేలా ఆపి, కారు ఎత్తు కుదురుకునే దాకా క్షణం ఆగి, బటన్ నొక్కి లోపలివారికి చెప్పండి. కడ్డీలతో ఒకసారి, కడ్డీలు తీసి ఒకసారి, ట్రైలర్‌ను పక్కన నిలిపి కారు ఒక్కదాన్నే ఒకసారి, ఇలా మూడు చీటీలు తీసుకోండి. వెనక లారీలు వరుస కట్టి ఉంటే పక్కకు జరిగి దారి ఇవ్వడం మర్యాద. తెల్లవారుజామున వెళ్తే ఆ తొందర ఉండదు.

మన ఉదాహరణలో కారు ఒక్కటే ముందు 2,900, వెనక 3,000 పౌండ్లు తూగిందనుకోండి. కడ్డీలు లేకుండా ట్రైలర్ తగిలిస్తే ముందు 2,660, వెనక 3,840, ట్రైలర్ ఇరుసుల మీద 4,400 వస్తాయి. కడ్డీలు బిగించాక ముందు 2,780, వెనక 3,645, ట్రైలర్ 4,475కు దగ్గరగా కనిపిస్తే పోయిన 240లో సగం తిరిగి వచ్చినట్లే. ఈ అంకెలను తలుపు చట్రం మీద ఉండే ఇరుసుల గరిష్ఠ బరువులతో పోల్చండి. మూడు పరిస్థితుల్లోనూ కారు అదే ఎత్తులో, అదే సమంగా నిలబడి ఉంటుంది. కంటికి మూడూ ఒకటే.

ఏడో మెట్టు: బ్రేకులు, టైర్లు, రోడ్డు

ఖాళీ పార్కింగ్ స్థలంలో గంటకు 20, 25 మైళ్ల వేగంతో వెళ్తూ బ్రేక్ కంట్రోలర్ (కారులోంచి ట్రైలర్ బ్రేకులను నడిపే పరికరం) మీటను చేత్తో నొక్కి, ట్రైలర్ చక్రాలు బిగుసుకుపోయే స్థాయికి కాస్త తక్కువగా దాని బలాన్ని అమర్చండి. ట్రైలర్ టైర్ల పక్క గోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది; మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ట్రెడ్ అరగకుండా నిండుగా ఉన్నా పాతబడిన టైర్లను నమ్మకండి. అనేక ట్రైలర్ టైర్లు గంటకు 65 మైళ్ల వేగానికే తయారవుతాయి, కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగేవారికి చట్టం ఇచ్చే గరిష్ఠ వేగమే 55.

ఫోర్ట్ వర్త్ నుంచి అమరిల్లో వైపు 287 హైవే మీద అడ్డగాలి ఎలా ఉంటుందో వెళ్లినవారికి తెలుసు. పెద్ద లారీ పక్క నుంచి దాటినప్పుడు దాని గాలి ట్రైలర్‌ను మొదట అవతలికి నెట్టి, తర్వాత లారీ వైపు లాగుతుంది. ట్రైలర్ ఊగడం మొదలైతే స్టీరింగ్‌ను అటూ ఇటూ తిప్పి దాన్ని సరిచేయాలని చూడకండి, కారు బ్రేకును గట్టిగా తొక్కకండి. స్టీరింగ్‌ను నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, ట్రైలర్ బ్రేకు మీటను మాత్రం చేత్తో నొక్కండి. ఆపై ఆగి సామాను సర్దుకోండి, ఎందుకంటే ఊగడానికి కారణం చాలాసార్లు బరువు ఉన్న చోటులోనే ఉంటుంది. కొలరాడో, న్యూ మెక్సికో సరిహద్దులో 7,834 అడుగుల ఎత్తున్న రాటన్ కనుమ వంటి చోట దిగేటప్పుడు తక్కువ గేరులో దిగాలి, బ్రేకు మీద కాలు అదేపనిగా ఉంచకూడదు.

గాలి సంచులు సరిగా ఉన్నాయా

ఈ తనిఖీ ప్రయాణానికి వారం ముందు చేసుకోండి. రాత్రి సమంగా నిలిపిన కారు తెల్లారేసరికి ఒక మూల కుంగి ఉంటే ఆ మూల సంచిలోనో గొట్టంలోనో గాలి కారుతోందని అర్థం. రబ్బరు మడతల దగ్గర సబ్బు నీళ్లు చల్లితే బుడగలు వస్తాయి. కారే గాలిని పూడ్చడానికి కంప్రెసర్ మాటిమాటికీ తిరిగి వేడెక్కుతుంది, వేడెక్కితే తనను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. అదే పని ట్రైలర్ బరువుతో ఎండలో జరిగితే వెనక భాగం కూలబడుతుంది. సరదాకి కారును పైకీ కిందికీ పదేపదే ఆడించినా కంప్రెసర్ ఇలాగే అలుగుతుంది. దారిలో సస్పెన్షన్ హెచ్చరిక దీపం వెలిగితే సురక్షితమైన చోట ఆపి, ట్రైలర్‌ను అక్కడే విప్పడమో, సాయం పిలిపించడమో చేయండి.

చివరి మెట్టు: విప్పడం

తగిలించడం కన్నా విప్పడంలోనే ఎయిర్ సస్పెన్షన్ ఎక్కువ తికమక పెడుతుంది. గాలి సంచులు 600 పౌండ్లను మోయడానికి సిద్ధపడి ఉన్నాయి. మీరు జాక్ తిప్పి ముక్కును ఎత్తేకొద్దీ కారు వెనక భాగం కూడా దానితోపాటే లేస్తూ వస్తుంది; ఎంత తిప్పినా బాల్ కప్లర్‌ను వదలదు, వదిలినప్పుడు ఒక్క కుదుపుతో పైకి ఎగురుతుంది. చేతులూ ముఖమూ దూరంగా ఉంచడం ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం.

ట్రైలర్ చక్రాలకు దిమ్మెలు పెట్టి, కడ్డీలున్నవారు వాటిని తీసి (జాక్‌తో ముక్కును కాస్త ఎత్తితే బిగువు పోతుంది), ప్లగ్గు, తీగ, గొలుసులు విప్పి, గొళ్లెం పూర్తిగా తెరవండి. జాక్ కాలు కింద గట్టి చెక్క పలక ఉండాలి. ముక్కు బరువు జాక్ మీదికి వచ్చేదాకా తిప్పి, ఇంజన్ నడుస్తుండగా కారును దిగుడు ఎత్తుకు పంపండి. తలుపులు మూసి ఉంటేనే ఇది సాగే కార్లు ఉన్నాయి. సంచుల్లోంచి గాలి వదిలిన చప్పుడుతో బాల్ తనంతట తాను కప్లర్ లోంచి కిందికి జారుతుంది. గొళ్లెం తెరిచి ఉందని రెండోసారి చూసుకున్నాకే ఈ బటన్ నొక్కాలి, లేకపోతే నా జాక్‌కు పట్టిన గతే దానికీ పడుతుంది. కారు కాస్త ముందుకు తీసి, మామూలు ఎత్తుకు తెచ్చి, ముందు ఫెండర్ ఎత్తును టేపుతో కొలిచి చూడండి. మొదట రాసుకున్న అంకెకు పావు అంగుళం అటూ ఇటూగా వస్తే అన్నీ కుదురుగా ఉన్నట్లే, తలుపు తీయగానే కుంగే ఏర్పాటును మళ్లీ పెట్టుకోవచ్చు.